లెక్క చెప్పాల్సిన సాయంత్రం: ఒక విద్యార్థి లఘుచిత్రం కేస్ స్టడీ

స్నేహం మీద విద్యార్థులు తీసే లఘుచిత్రాల్లో చాలావాటి దారి ఆస్పత్రి మీదుగానే వెళుతుంది. ఇద్దరు ప్రాణస్నేహితులు, ఒకరికి ప్రమాదమో జబ్బో, రెండోవారి కన్నీళ్లు, పాత జ్ఞాపకాలు, చివర్లో వయొలిన్. తీసేవాళ్లు మనసు పెట్టి తీస్తారు. నటించేవాళ్లు నిజంగానే ఏడుస్తారు. అయినా చిత్రం అయిపోయాక ప్రేక్షకుడితో పాటు ఇంటిదాకా వెళ్లేది ఏదీ ఉండదు. అలాంటి స్క్రిప్టుతోనే మొదలై, పూర్తిగా వేరే చోటికి చేరిన ఒక చిత్రం గురించి ఇక్కడ రాస్తున్నాను. దానికి నేను ఎడిటర్‌ని. స్క్రిప్టు దశలో సలహాదారుగా కూడా ఉన్నాను. బృందంలో అందరూ విద్యార్థులు కాబట్టి వాళ్ల పేర్లు, చిత్రం పేరు రాయడం లేదు. కథలోని ఇద్దరు అమ్మాయిలను కోశాధికారి, స్నేహితురాలు అని మాత్రమే పిలుస్తాను.

పూర్తయిన చిత్రం 12 నిమిషాలు. కథ ఇది. ఒక తరగతి విద్యార్థులు విహారయాత్ర కోసం డబ్బు పోగుచేశారు. లెక్క చూసే బాధ్యత ఒక అమ్మాయిది. డబ్బు హాస్టల్ గదిలో ఆమె బీరువాలో ఉంటుంది. సాయంత్రం 6 గంటలకు తరగతి ముందు లెక్క చెప్పాలి. 5.40కి డబ్బు లేదని తెలుస్తుంది. తీసింది అదే గదిలో ఉండే స్నేహితురాలు. తండ్రి ఆస్పత్రి ఖర్చు కోసం, అడగకుండా తీసింది. వారంలోపు తిరిగి పెట్టేయవచ్చు అనుకుంది, పెట్టలేకపోయింది. 6 గంటలకు అందరూ కూర్చుంటారు. "డబ్బు ఎక్కడుంది?" అని అడుగుతారు. కోశాధికారి నిజం చెబితే స్నేహితురాలు దొంగ అవుతుంది, చెప్పకపోతే తనే దొంగ అవుతుంది. స్నేహితురాలు వెనక వరుసలో కూర్చుని అంతా వింటోంది.

24 పేజీల్లో దాక్కున్న వాక్యం

మొదట నా చేతికి వచ్చిన స్క్రిప్టులో ఈ కథ లేదు. అందులో స్నేహితురాలికి రోడ్డు ప్రమాదం జరుగుతుంది. కోశాధికారి రాత్రింబవళ్లు ఆస్పత్రిలో కూర్చుంటుంది, రక్తం ఇస్తుంది, పాత రోజులు తలుచుకుంటుంది. మొత్తం 24 పేజీలు. స్క్రీన్‌ప్లే పద్ధతిలో రాసిన ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం అవుతుందన్నది ఈ పనిలో అందరూ వాడే లెక్క. అంటే 24 నిమిషాల చిత్రం. ఆస్కార్ నిబంధనల ప్రకారం టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల దాకా లఘుచిత్రమే. కానీ కాన్ చిత్రోత్సవం లఘుచిత్రాల పోటీకి 15 నిమిషాలు దాటినది పనికిరాదు. చిన్నాపెద్దా ఉత్సవాలు ఎక్కువగా ఇష్టపడేది కూడా ఆ లోపు నిడివినే, ఎందుకంటే గంటన్నర ప్రదర్శనలో వాళ్లు ఎక్కువ చిత్రాలు వేయగలగాలి. బృందం కూడా 15 లోపే ఉండాలని ముందే అనుకుంది. అయితే నిడివి తగ్గించడం ఇక్కడ రెండో సమస్య.

దర్శకురాలిని నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఆస్పత్రిలో కూర్చున్న అమ్మాయికి పోయేదేమిటి?"

"నిద్ర పోతుంది సార్, పరీక్ష పోతుంది" అంది.

"పరీక్ష పోయినట్టు చూపించావా?"

"లేదు సార్. ఆమెకు అది పెద్ద విషయం కాదు కదా, స్నేహితురాలి కన్నా."

ఆ జవాబులోనే స్క్రిప్టు లోపం మొత్తం ఉంది. ఆమెకు స్నేహితురాలి కన్నా ఏదీ పెద్దది కాకపోతే ఆమె దేన్నీ వదులుకోవడం లేదు. జబ్బుపడ్డ మనిషి పక్కన కూర్చోవడం ప్రేమే, అందులో అనుమానం లేదు. కానీ అక్కడ పరీక్ష లేదు, ఎందుకంటే అక్కడి నుంచి లేచి వెళ్లడానికి ఆమెకు బలమైన కారణం ఏదీ లేదు. కర్ణుడి స్నేహాన్ని తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దుర్యోధనుడి పక్షాన యుద్ధం చేయడం కర్ణుడికి కష్టమేమీ కాదు, అతను వీరుడు. యుద్ధానికి ముందు కృష్ణుడు పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు కుంతి పెద్దకొడుకువి, రాజ్యం నీదే అవుతుంది, రా అన్నప్పుడు అతని స్నేహానికి వెల కట్టారు. ఆ వెల విన్నాక కూడా అతను ఉండిపోయాడు. మనకు ఈనాటికీ కర్ణుడు గుర్తుండేది ఆ సంభాషణ వల్ల.

మంచి మిత్రుడి లక్షణాలు భర్తృహరి ఆరు చెప్పాడు. ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యంగా అవి మనలో చాలామందికి బడిలోనే పరిచయం. మిత్రుడు పాపం చేయకుండా ఆపుతాడు, మేలైన పనికి పురికొల్పుతాడు, రహస్యాన్ని దాస్తాడు, మంచి గుణాలను నలుగురికీ తెలియజేస్తాడు, ఆపదలో వదిలిపెట్టడు, అవసరానికి ఇస్తాడు. ఈ ఆరింటిని పలక మీద రాయించి, మీ స్క్రిప్టులో ఎన్ని ఉన్నాయో చూడమన్నాను. ఆపదలో వదలకపోవడం ఉంది, ఇవ్వడం ఉంది. రెండూ ఒకే వైపు లాగుతున్నాయి. ఒకే వైపు లాగే తాళ్లతో ముడి పడదు. ఒక లక్షణాన్ని నిలబెట్టుకోవాలంటే ఇంకొకదాన్ని వదులుకోక తప్పని చోటు దొరికితే అప్పుడు కథ మొదలవుతుంది. పాపం నుంచి ఆపడానికీ రహస్యం దాచడానికీ మధ్య మనిషిని నిలబెడితే ఏ వైపు కదిలినా ఏదో ఒకటి పోతుంది.

ఆ చోటు కోసం కొత్తగా ఏదీ కల్పించాల్సిన పని పడలేదు. 17వ పేజీలో, ఆస్పత్రి బిల్లు దృశ్యంలో ఒక మాట ఉంది: "విహారయాత్ర డబ్బు నా దగ్గరే ఉంది కదా, ముందు అది కట్టేశాను." తరువాతి వాక్యంలోనే ఆ సంగతి మరిచిపోయి స్క్రిప్టు ముందుకు వెళ్లిపోయింది. నాకు మాత్రం మిగతా 23 పేజీల కన్నా ఆ వాక్యం బరువుగా కనిపించింది. ఆ డబ్బు ఎవరిది? మిగతావాళ్లు అడిగారా? అడిగితే ఏం చెప్పింది? దర్శకురాలు, రచయిత ఆ వాక్యం దగ్గర చాలాసేపు కూర్చున్నారు. తిరిగి వచ్చేసరికి ప్రమాదం లేదు, రక్తదానం లేదు. డబ్బు తీసిన చేయి కూడా మారిపోయింది. ఈ చివరి మార్పు పూర్తిగా రచయితది. తీసినది కోశాధికారే అయితే అది నిజాయితీ కథ అవుతుంది, తీసినది స్నేహితురాలైతే స్నేహం కథ అవుతుంది అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం.

ఈ మార్పుతో ఇంకొకటి కూడా జరిగింది. పరీక్ష ఇద్దరిదీ అయింది. ఒకరు నోరు మూసుకోవాలా వద్దా అని, ఇంకొకరు నోరు తెరవాలా వద్దా అని, ఒకే గదిలో, ఒకే క్షణంలో. ఆపద ఒకరికే వచ్చి రెండోవారు సాయం చేసే కథల్లో ఈ బిగువు రాదు.

మాటలు తగ్గించిన తీరు

హాస్టల్ గదిలో నిజం బయటపడే దృశ్యం మొదట ఇలా రాశారు. స్నేహితురాలు ఏడుస్తూ, "నువ్వు నా ప్రాణానివి. నాన్నకు బాగాలేదని నీకు తెలుసు. నాకు వేరే దారి కనిపించలేదు. నన్ను క్షమించు" అంటుంది. దానికి కోశాధికారి కూడా ఏడుస్తూ అంతే పొడుగు జవాబు చెబుతుంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ క్షమాపణ ఇక్కడే అయిపోతే తరగతి గదిలో జరగాల్సింది మిగలదు. చివరికి ఆ దృశ్యం ఇలా తయారైంది.

"లెక్క ఎప్పుడు చెప్పాలి?"

"ఆరింటికి."

"ఇప్పుడెంత?"

"ఐదూ నలభై. నువ్వూ వస్తావు కదా?"

"బీరువా తెరిచావా?"

"ఇంకా లేదు. ఎందుకే?"

స్నేహితురాలు మాట్లాడదు. కోశాధికారి లేచి బీరువా తీస్తుంది. డబ్బాలో ఏమీ లేదు. వెనక్కి తిరగకుండానే అడుగుతుంది: "ఎప్పుడు?"

"మంగళవారం."

"నాన్నకా?"

"ఊఁ."

"నన్ను ఎందుకు అడగలేదే?"

చిత్రం మొత్తంలో కోశాధికారి వేసే నింద ఈ ఒక్కటే. తీసినందుకు కాదు, అడగనందుకు. అవసరానికి ఇచ్చే అవకాశం కూడా తనకు ఇవ్వలేదన్నదే ఆమె బాధ. నిజానికి తరగతి డబ్బు ఇవ్వడానికి ఆమెకు హక్కు లేదు, అడిగి ఉంటే కాదనాల్సి వచ్చేది. అది ఇద్దరికీ తెలుసు. అందుకే స్నేహితురాలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. గడియారం చూస్తుంది. దృశ్యం అక్కడ ఆగుతుంది.

తరగతి గదిలో కోశాధికారి ఇచ్చే జవాబు కూడా రిహార్సల్‌లో పుట్టిందే. స్క్రిప్టులో ఆమె "నేనే తీశాను" అని నింద నెత్తిన వేసుకుంటుంది. నటించే అమ్మాయి ఆ మాట అనలేకపోయింది. "నేను తీయలేదు కదా సార్, తీశానని ఎందుకు చెబుతాను?" అని అడిగింది. దర్శకురాలు వెంటనే ఆ ప్రశ్నను పట్టుకుంది. నువ్వు అబద్ధం చెప్పకూడదు, ఆమె పేరూ చెప్పకూడదు, అప్పుడు ఏం చెబుతావో చెప్పు అని ఊరుకుంది. ఆ అమ్మాయి కొంతసేపు తంటాలుపడి చివరికి అంది: "నా దగ్గర ఉండగానే పోయింది. నేను కడతాను."

ఇంతకన్నా మంచి వాక్యం ఎవరూ రాయలేరని నా నమ్మకం. అందులోని రెండు మాటలూ నిజాలే. రహస్యం దాగింది. అయినా వెనక వరుసలో ఉన్న మనిషికి మాత్రం అది చెంపదెబ్బ. నటులు పాత్ర తరఫున అభ్యంతరం చెప్పినప్పుడు దర్శకుడు వినాలి అనడానికి నేను ఇప్పుడు ప్రతి బృందానికీ ఈ సంఘటనే చెబుతున్నాను.

ఎవరు ఎక్కడ కూర్చోవాలి

బృందంలో మనస్తత్వ శాస్త్రం చదివే విద్యార్థి ఒకరు ఉన్నారు. 1968లో అమెరికన్ పరిశోధకులు జాన్ డార్లీ, బిబ్ లటానే చేసిన ప్రయోగాన్ని ఆ విద్యార్థే గుర్తుచేశాడు. వేర్వేరు గదుల నుంచి ఇంటర్‌కమ్‌లో మాట్లాడుకుంటుండగా ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. వింటున్నది తామొక్కరే అనుకున్నవారిలో 85 శాతం మంది ఆ వ్యక్తి మాట ఆగిపోయేలోపే సాయం కోసం వెళ్లారు. ఇంకా నలుగురు వింటున్నారని నమ్మినవారిలో ఆ సంఖ్య 31 శాతానికి పడిపోయింది. పక్కన మనుషులు పెరిగేకొద్దీ బాధ్యత పలచబడుతుంది. మన కథలో స్నేహితురాలు కేవలం చూస్తున్న మనిషి కాదు, తప్పు చేసిన మనిషి. కాబట్టి ఆ ప్రయోగం ఇక్కడికి సరిగ్గా అతకదు. అయినా దాని నుంచి దర్శకురాలు తనకు కావలసింది తీసుకుంది: గుంపు మనిషికి చాటు ఇస్తుంది. అందుకే స్నేహితురాలిని వెనక వరుసలో, ఇద్దరు పొడుగైన అబ్బాయిల మధ్య కూర్చోబెట్టింది. ముందు నుంచి చూస్తే ఆమె సగమే కనిపిస్తుంది. గది ఖాళీ అయ్యాకే, వరండాలో, ఆమెకు నోరు పెగులుతుంది. అప్పటికి ఆ మాట వినాల్సినవాళ్లు ఎవరూ అక్కడ లేరు.

కెమెరా విషయంలో బృందం తీసుకున్న నిర్ణయాలు కొన్నే. కానీ అన్నీ కథలోంచి వచ్చినవే. హాస్టల్ గదిలో ఇద్దరూ ఎప్పుడూ ఒకే ఫ్రేములో ఉంటారు. విడివిడిగా తీసిన షాట్‌లోనూ ఒకరి భుజం మీదుగా ఇంకొకరు కనిపిస్తారు. తరగతి గదిలో ఆ భుజం పోయింది. ఎవరి ఫ్రేములో వాళ్లు ఒంటరి. దీనితో పాటు 180 డిగ్రీల నియమాన్ని కావాలని ఒక్కచోట దాటారు. ఇద్దరు మనుషుల మధ్య ఊహించుకున్న గీతకు కెమెరా ఒకే పక్కన ఉంటే, ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు చూస్తూ ఎదురెదురుగా ఉన్నారని ప్రేక్షకుడికి తెలుస్తుంది. గీత దాటితే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు అవుతుంది, చూపులు కలవవు. "నేను కడతాను" అన్న మాట తరువాతి షాట్ నుంచి కెమెరాను గీతకు అవతలి పక్కకు మార్చారు. చిత్రం చివరి దాకా వాళ్ల చూపులు మళ్లీ కలవవు. చూసినవాళ్లలో ఎవరూ దీన్ని నియమోల్లంఘనగా గుర్తించలేదు. ఇద్దరూ దూరమైపోయినట్టు అనిపించిందని మాత్రం చాలామంది చెప్పారు. నియమం తెలిసినవాళ్లు దాన్ని దాటితే ఇలా ఉంటుంది.

ట్యూబులైట్ల కింద తీసేవాళ్ల కోసం ఒక చిన్న మాట. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట పాత రకం ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టుకుంటే తెర మీద చారలు పారవు. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120. ఇది షూటింగుకు ముందు రోజే పరీక్షించి చూసుకోవాలి.

షూటింగు మధ్యలో వరండా దృశ్యం మొత్తం పోయింది. కాపీ చేయని మెమరీ కార్డును ఖాళీదనుకుని ఫార్మాట్ చేసి మళ్లీ వాడేశారు. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట అన్న నియమం అందరికీ తెలుసు, కానీ ఆ పని ఎవరిదో ఎవరికీ చెప్పలేదు. ఆ తరువాత ఒక విద్యార్థికి ఆ పని ఒక్కటే అప్పగించారు. నిండిన కార్డుకు ఎర్ర టేపు చుట్టాలి, ఆ విద్యార్థి తప్ప ఎవరూ ఆ టేపు తీయకూడదు. పోయిన దృశ్యాన్ని సాయంకాలపు వెలుతురులో మళ్లీ తీసే వీలు లేక రాత్రిపూట తీశారు. అది చిత్రానికి మేలే చేసింది. తరగతి గదిలో వెలుతురు, బయట చీకటి. చాలాసేపు గదిలో కూర్చుని ఉన్నారన్న భావం మాటల్లేకుండానే వచ్చింది.

9 సెకన్ల మౌనం

నా పని అసలు మొదలైంది ఇక్కడ. "డబ్బు ఎక్కడుంది?" అన్న ప్రశ్నకూ "నా దగ్గర ఉండగానే పోయింది" అన్న జవాబుకూ మధ్య ఉన్న మౌనమే ఈ చిత్రం. మిగతాదంతా అక్కడికి తీసుకువెళ్లే దారి.

మొదటి టేకుల్లో కోశాధికారి పాత్రధారిణి ముఖంలో బాధ, కోపం, దిగులు అన్నీ చూపించింది. వెనక్కి తిరిగి స్నేహితురాలి వంక చూసింది కూడా. బాగా నటించింది, కానీ ఏ టేకూ పనికిరాలేదు. ఆమె అంతా చెప్పేస్తుంటే ప్రేక్షకుడు చేయడానికి పని మిగలలేదు. చివరి టేకులో దర్శకురాలు ఆమె చెవిలో ఒక మాట చెప్పింది: ఏమీ చూపించకు, పుస్తకంలో ఈ వరుస అంకెలు మనసులో కూడు. ఆ అమ్మాయి నిజంగానే కూడింది. కళ్లు కాగితం మీద కిందికి కదులుతాయి, పెదవి చివర కొద్దిగా అదురుతుంది, అంతే. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ నూరేళ్ల కిందట ఒక నటుడి భావరహితమైన ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన పెట్టి చూపిస్తే, జనం అదే ముఖంలో ఆకలినీ దుఃఖాన్నీ చూశారని చెబుతారు. ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చునేవారికి అది రోజూ అనుభవంలోకి వచ్చే విషయం. కూడిక చేస్తున్న ఆ ముఖం తరువాత స్నేహితురాలి షాట్ పెట్టగానే, ఆ అమ్మాయి మనసులో జరుగుతున్న యుద్ధం మొత్తం కనిపించింది.

ఆ టేకులో ఒక చిక్కు ఉంది. ముందు షాట్‌లో కలం కుడిచేతిలో ఉంటే ఇందులో బల్ల మీద ఉంది. కంటిన్యుటీ, అంటే షాట్ మారినా వస్తువులు ఉన్నచోటే ఉన్నాయా అని చూసే విద్యార్థి దీన్ని వాడవద్దని పట్టుబట్టింది. ఆమె పని ఆమె చేసింది. కట్, అంటే ఒక షాట్ నుంచి ఇంకొకదానికి మారే చోటు, ఎక్కడ పెట్టాలో నిర్ణయించడానికి అమెరికన్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ చెప్పిన ఆరు ప్రమాణాల్లో భావోద్వేగానికి 51 శాతం, కథకు 23, లయకు 10. వస్తువులూ మనుషులూ ఉన్న స్థానం సరిపోవడం అన్నిటికన్నా కింద, 4 శాతం దగ్గర ఉంది. పైవి నిలబడితే కిందది పోయినా ఫరవాలేదన్నది ఆయన మాట. కలం ఎక్కడుందో ఇంతవరకు ఒక్క ప్రేక్షకుడూ అడగలేదు.

ఇక మౌనం ఎంతసేపు ఉండాలి? నాలుగు సెకన్ల దగ్గర ఆపితే అది మామూలు తడబాటులా ఉంది. ఆరు దాటితే చూసేవాళ్లు కుర్చీలో సర్దుకోవడం మొదలైంది. పన్నెండు దగ్గర పెడితే నటి డైలాగ్ మరిచిపోయిందేమోనన్న అనుమానం వచ్చింది. చివరికి 9 సెకన్లు, అంటే సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 216 ఫ్రేములు ఉంచాం. అయితే ఆ 9 సెకన్లను నిలబెట్టింది బొమ్మ కాదు, ఒక కుర్చీ చప్పుడు.

షూటింగులో ఒక టేకు మధ్య వెనక వరుసలో ఎవరిదో కుర్చీ నేల మీద రాసుకుంది. శబ్దం రికార్డు చేసే విద్యార్థి దాన్ని పాడైన టేకుగా గుర్తుపెట్టాడు. నేను ఆ చప్పుడును విడిగా తీసుకుని మౌనంలో ఆరో సెకను దగ్గర పెట్టాను. తెర మీద ఇంకా కోశాధికారి ముఖమే ఉంది. చప్పుడు వెనక నుంచి వచ్చింది. అంటే ఎవరో లేస్తున్నారు. అంటే ఆమె లేస్తోంది, చెప్పేస్తోంది! సరిగ్గా అర సెకను, 12 ఫ్రేములు ఆగి, స్నేహితురాలి మీదికి కట్ చేశాను. ఆమె లేవలేదు. కుర్చీలో వెనక్కి జరిగింది. చేయి బల్ల అంచును పట్టుకుని ఉంది.

ఆ 12 ఫ్రేముల గురించి ఎంతైనా చెప్పవచ్చు. చప్పుడుతో పాటే బొమ్మ మార్చినప్పుడు అది ఒక సమాచారం మాత్రమే అయింది: ఒకమ్మాయి కుర్చీ జరిపింది. ఒక సెకను ఆలస్యం చేసినప్పుడు చప్పుడుకూ ఆమెకూ సంబంధం తెగిపోయింది. అర సెకనులో మాత్రం ప్రేక్షకుడు ఆశపడటానికి సమయం దొరికింది, ఆ ఆశ మీద అనుమానం పెంచుకోవడానికి దొరకలేదు. ఆమె మీద అంతసేపూ జాలిపడుతున్నవాళ్లు ఆ కట్‌తో ఆమె మీద కోపం తెచ్చుకున్నారు. ఆమె ఏమీ చేయకపోవడాన్ని ఒక పనిగా చూపించగలిగింది ఈ ఒక్క కూర్పే.

శబ్దం గురించి ఇంకొంచెం. తరగతి గదిలో ఫ్యాను ఆపేసి మాటలు రికార్డు చేశారు, ఫ్యాను చప్పుడు విడిగా తీశారు. టేకులన్నీ అయ్యాక అందరినీ కూర్చున్నచోటే ఉంచి ఒక నిమిషం గది నిశ్శబ్దాన్ని రికార్డు చేశారు. మనుషులు లేచి వెళ్లిపోతే అదే గది వేరేగా వినిపిస్తుంది కాబట్టి వాళ్లు ఉండగానే తీయడం ముఖ్యం. ఈ రెండూ విడిగా ఉండటం వల్లే మౌనంలో ఫ్యాను చప్పుడును మెల్లగా తగ్గించగలిగాం. అది తగ్గుతున్నట్టు ఎవరికీ తెలియదు. కుర్చీ చప్పుడు వచ్చేసరికి దాని చుట్టూ ఏ శబ్దమూ ఉండదు.

సంగీత దర్శకుడు ఈ దృశ్యానికి మంచి వరుస చేసి తెచ్చాడు. పెట్టి చూశాం, తీసేశాం. సంగీతం ఎవరి పక్షమో చెప్పేస్తోంది. ఆ వరుస ఇప్పుడు చివరి టైటిల్స్ కింద వినిపిస్తుంది. చిత్రం మొదటి కూర్పు 19 నిమిషాలు ఉండేది. తీసేసినవాటిలో ఎక్కువ భాగం వాళ్ల స్నేహం ఎంత గొప్పదో చూపించే దృశ్యాలు. వాటి బదులు ఒక్క షాట్ మిగిలింది: కోశాధికారి బీరువా తాళంచెవి స్నేహితురాలి దిండు కింద నుంచి తీసుకుంటుంది. ఇద్దరి మధ్య నమ్మకం అంతా అందులో ఉంది. డబ్బు ఎలా పోయిందన్న జవాబు కూడా అందులోనే ఉంది.

చూసినవాళ్లను ఏమడగాలి

ప్రయోగాత్మక ప్రదర్శనలో "నచ్చిందా?" అని అడగవద్దని బృందానికి చెప్పాను. విద్యార్థుల చిత్రాన్ని ఎదురుగా బాగాలేదనేవారు ఉండరు. దాని బదులు రెండే ప్రశ్నలు: ఎవరి మీద కోపం వచ్చింది, ఎక్కడ వచ్చింది? ఈ ప్రశ్నలకు మర్యాద కోసం జవాబు చెప్పడం కుదరదు. ఎక్కువమంది కుర్చీ దగ్గర స్నేహితురాలి మీద కోపం వచ్చిందన్నారు. మేం ఊహించనిది ఏమిటంటే, కొందరికి కోశాధికారి మీద కోపం వచ్చింది. ఆమె మౌనం త్యాగం కాదు, స్నేహితురాలిని తన తప్పు ఒప్పుకునే అవకాశానికి దూరం చేసిందన్నారు. పాపం నుంచి ఆపాల్సింది కదా, దాచి పెంచింది కదా అని వాదించారు. భర్తృహరి లక్షణాల సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. స్క్రిప్టు దశలో పలక మీద ఏ ముడి వేశామో దాన్నే వాళ్లు పట్టుకుని అటూ ఇటూ లాగుతున్నారు. దర్శకురాలు అది వింటూ రాసుకోవడం కూడా మానేసింది.

ముగింపు మీద మాత్రం నాకూ ఆమెకూ చివరి దాకా కుదరలేదు. వరండాలో స్నేహితురాలు వచ్చి "చెబుదామనే అనుకున్నాను" అంటుంది. కోశాధికారి "ఎప్పుడు?" అంటుంది. జవాబు రాదు. కోశాధికారి లెక్కల పుస్తకం తెరుస్తుంది. పోయిన మొత్తం రాసి ఉంది, ఎవరు ఇవ్వాలో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. పుస్తకం, కలం ఆమె వైపు చాపుతుంది. స్నేహితురాలి చేయి కలం దాకా వచ్చే ముందే ఆపాలని నా వాదన. చేయి కలాన్ని తాకిన తరువాత ఆపాలని దర్శకురాలిది. తాకితే ప్రేక్షకుడు ఆమె రాస్తుందనే అనుకుంటాడు, అందరూ ఊరటతో లేచిపోతారు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"తాకకముందే ఆపితే ఆమె మారుతుందా లేదా అన్నదే ప్రశ్న అవుతుంది సార్. ఆమె మారుతుంది, నాకు తెలుసు. తండ్రి మంచాన ఉంటే తీసిన పిల్ల అది, దుర్మార్గురాలు కాదు. కలం పట్టుకుంటుంది, పేరు కూడా రాస్తుంది. రాసినా ఈ స్నేహం మునుపటిలా ఉంటుందా అన్నది నా ప్రశ్న. కలం పట్టుకున్నప్పుడు కోశాధికారి ముఖం చూడండి."

మళ్లీ చూశాను. స్నేహితురాలి వేళ్లు కలం మీద పడగానే కోశాధికారి తన చేయి వెంటనే వెనక్కి తీసుకుంటుంది. ముట్టుకోవడం ఇష్టం లేనట్టు. నటికి ఎవరూ చెప్పని కదలిక అది, రెండు సెకన్ల లోపే ఉంది. నేను చెప్పినచోట ఆపితే అది చిత్రంలో ఉండదు. ఉత్సవాలకు పంపిన కాపీలో దర్శకురాలి కట్ ఉంది.